మూడుకీ నాలుగుకీ నడుమ మా కాపురం

మీ అపార్ట్‌మెంటులో లిఫ్టు బాగా పనిచేస్తోందా? మీట నొక్కగానే వచ్చి నిలబడుతోందా? దిగాల్సిన అంతస్తులోనే దించుతోందా? అయ్యో పాపం! మరి మీ సంసారం ఎలా సాగుతోందండీ?

నా మాట నమ్మండి. మనిషి కనిపెట్టిన యంత్రాలన్నిటిలో కాపురానికి నిజంగా పనికొచ్చేది ఒక్కటే ఉంది. అది మిక్సీ కాదు. వాషింగ్ మెషీన్ అసలే కాదు. రెండంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టు!

నవ్వకండి. నాకు పెళ్లయి అయిదు నెలల పన్నెండు రోజులే అయింది, ఒప్పుకుంటాను. కాపురం విషయంలో నాకంటే సీనియర్లు మీలో చాలామంది ఉంటారు. లిఫ్టుల విషయంలో మాత్రం నాతో పోటీకి రాకండి. మా ఆయన లిఫ్టు మెకానిక్.

అసలు మా పరిచయం జరిగిందే ఆగిపోయిన లిఫ్టు గుమ్మంలో. నేను ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుని. మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్ల చేత మళ్లీ మెట్లెక్కించడం నా పని. ఆ రోజు కింది అంతస్తులో విద్యార్థులకి పాఠం చెప్పాలని ఒక ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని చంకన పెట్టుకుని లిఫ్టెక్కాను. దారిలో ఆగిపోయింది. నలభై నిమిషాలు! కాళ్లు లాగి నేను ఒక మూల కూర్చున్నాను. అస్థిపంజరాన్ని మాత్రం తలుపుకి ఎదురుగా నిలబెట్టాను.

తలుపు తెరుచుకుంది. అవతల చేతిలో స్పానర్‌తో ఉన్న మనిషికి ముందు కనిపించింది నేను కాదు, అది. ఆయన దాన్ని తల నుంచి కాళ్లదాకా చూసి, ఎంతో మర్యాదగా అన్నారు:

"క్షమించండి. రావడం బాగా ఆలస్యమైనట్టుంది."

అలాంటి మనిషిని ఎవరైనా వదులుకుంటారా?

పెళ్లైన మొదటి వారం నేను నేల మీద నడిస్తే ఒట్టు. ఒకే కప్పులో రెండు టూత్‌బ్రష్షులు చూసి మురిసిపోయాను. తలుపు వెనక కొక్కేనికి రెండు గొడుగులు వేలాడుతుంటే మురిసిపోయాను. సాయంత్రం బాల్కనీలో కాఫీ తాగుతూ ఆయన లిఫ్టుల సంగతులు చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను. ఏ తాడు ఎంత బరువు మోస్తుందో, పాత లిఫ్టు కిందికి దిగేటప్పుడు ఎవరైనా గట్టిగా గెంతితే అది భయపడి రెండు పక్కలా ఉన్న ఇనప పట్టాలని కరుచుకుని ఎలా ఆగిపోతుందో, లోపల ఇరుక్కుంటే బయటి తలుపు తెరిచే చిన్న చక్రం ఎక్కడుంటుందో! ఇంతకంటే ప్రేమ కబుర్లు ఏముంటాయండీ?

అలా చెబుతూ చెబుతూ ఆయన నా గడ్డం కింద మచ్చని చూశారు. "ఇదెలా అయింది?" అని అడిగారు.

"అదా? నాకు ఏడేళ్లప్పుడు..." అని మొదలుపెట్టాను.

ఫోను మోగింది.

ఆ మాట అక్కడే ఆగింది. ఆ తర్వాత నాలుగు నెలల్లో ఆ కథని పదకొండుసార్లు మొదలుపెట్టాను. పదకొండుసార్లూ నాకు ఏడేళ్లు దాటలేదు.

ఆ ఫోను గురించి చెప్పాలి. మా ఆయన కంపెనీ చూసుకునే లిఫ్టులు నూట నలభై. మెకానిక్‌లు ఇద్దరు. రెండో ఆయన పెద్దవారు. ఇరవై ఆరేళ్లుగా డాబాల మీది మోటారు గదులకి మెట్లెక్కీ ఎక్కీ మోకాళ్లు అరగదీసుకుని, ఇప్పుడు నా దగ్గరికే వ్యాయామానికి వస్తున్నారు. కాబట్టి లెక్కకి ఇద్దరు, మెట్లెక్కడానికి ఒక్కరు.

నూట నలభై లిఫ్టుల్లో నిజంగా మనుషులు ఇరుక్కుంటే మా ఆయన అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తడం నాకు గర్వమే. ఒకప్పుడు నేనూ ఇరుక్కున్నదాన్నే కదా! కానీ ఆ అత్యవసర నంబరుకి వచ్చే ఫోన్లు వినండి. "మీ లిఫ్టు అద్దంలో నేను లావుగా కనిపిస్తున్నానండీ." "తలుపులు మూసుకుంటున్నాయి అని చెప్పే ఆడగొంతు కాస్త విసుక్కుంటున్నట్టుంది, మార్చండి." "లిఫ్టు బాగానే ఉంది, ఊరికే ఈ నంబరు పనిచేస్తోందో లేదో చూద్దామని చేశాను."

మా ఆయన అందరికీ వెళ్తారు. ఎందుకంటే కంపెనీ మేనేజరు గారు ప్రతి సమావేశంలోనూ గుండె మీద చెయ్యి పెట్టుకుని చెబుతారట: "మీది ఉద్యోగం కాదయ్యా, అర్థవంతమైన సేవ!" మూడో మెకానిక్ కావాలని మా ఆయన అర్జీ పెట్టిన ప్రతిసారీ ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు, ఫ్రేము కట్టించి మరీ. అలా మూడు వచ్చాయి. మా హాల్లో గోడకి వేలాడుతున్నాయి. మెట్లెక్కమంటే మాత్రం ఎక్కవు.

అర్థవంతమైన పని నాకూ ఉంది లెండి. అక్కడో చిక్కొచ్చి పడింది. మొన్న నా పేషెంటు ఒక దర్జీ గారు వ్యాయామానికి రావడం మానేశారు. ఫోను చేసి అడిగితే, "మీ ఆయన మా లిఫ్టు బాగుచేశాడమ్మా, బంగారంలాంటి చెయ్యి! ఇంక నాకు మెట్లతో పనేముంది?" అన్నారు. చూశారా? నేను లోకాన్ని మెట్లెక్కిస్తుంటే, ఆయన వెనకాలే వచ్చి దించేస్తున్నారు. ఇంత అర్థం ఒకే ఇంట్లో పడితే ఎలా చెప్పండి?

ఇక బఫర్ సంగతి.

లిఫ్టు కింద గోతిలో ఒక పెద్ద స్ప్రింగు ఉంటుంది. ఎప్పుడైనా లిఫ్టు జారి కింద పడితే దెబ్బ తగలకుండా ఆపేది అదే. దాన్ని బఫర్ అంటారు. కొత్తగా కడుతున్న ఒక భవనంలో ఆ గోతిలోకి దిగితే, స్ప్రింగు పక్కన ముడుచుకుని గోధుమరంగు కుక్కపిల్ల ఒకటి నిద్రపోతోందట. ఆయన దాన్ని పనిముట్ల సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చారు. సంచి జిప్పు తీసి, "నేను ఇంట్లో లేనప్పుడు నీకు తోడుగా ఉంటుంది" అన్నారు. వెంటనే ఫోను మోగింది. తోడు అప్పటికప్పుడే మొదలైపోయింది.

రెండున్నర కిలోల కుక్కపిల్ల ఇంట్లో ఎంత చోటు ఆక్రమిస్తుందో మీకు తెలుసా? మొత్తం! చెప్పులు, సోఫా, నా ఒడి, మూడో ప్రశంసాపత్రం కింద మూల. నేను దానికి తల్లిని. పాలవాడు స్నేహితుడు. వాచ్‌మన్ దగ్గర బంధువు. ఒక్క మా ఆయన్ని చూస్తే మాత్రం తోక బిగించి దొంగని చూసినట్టు మొరుగుతుంది! పాపం దాని తప్పేముంది? అది లేచేసరికి ఆయన ఉండరు, ఆయన వచ్చేసరికి అది పడుకుంటుంది. గుమ్మంలో నిలబడి ఆయన, "నేనే బఫర్, నేనే" అని సంజాయిషీ చెప్పుకుంటుంటే నాకు నవ్వొచ్చేది. మొదట్లో.

ఇంత పనిమంతుడు ఉన్న బిల్డింగులో లిఫ్టు ఎలా ఉండాలి? చెబితే నమ్మరు. మేముండేది ఆరో అంతస్తు. మా లిఫ్టు దగ్గుతూ, మూలుగుతూ, దేవుడి దయ ఉన్న రోజున పైకొస్తుంది. కారణం ఏమిటంటే, దాని కాంట్రాక్టు వేరే కంపెనీది. మా ఆయన దాని మీద చెయ్యి వేస్తే ఆ కంపెనీ వాళ్లు గొడవకొస్తారు, ఈ కంపెనీ వాళ్లు ఉద్యోగం తీసేస్తారు. అందుకని అందులో ఎక్కుతారు, దిగుతారు, అంతే. పరాయి లిఫ్టు వంక కన్నెత్తి కూడా చూడరు. ఏ భార్యకైనా ఇంతకంటే ఏం కావాలి!

ఇలాంటి సమయంలో మా అత్తగారు పది రోజులు ఉండి వెళ్దామని వచ్చారు.

మా అత్తగారి గొంతు గురించి ముందే చెప్పాలి. వచ్చిన రోజున ఆరో అంతస్తు బాల్కనీలోంచి వాచ్‌మన్‌ని, "బాబూ, ఆ నీలం సంచి పైకి తెస్తావా?" అని మామూలుగానే పిలిచారు. వాచ్‌మన్ తెచ్చాడు. ఎదురు బిల్డింగు వాచ్‌మన్ కూడా పరిగెత్తుకొచ్చాడు. రోడ్డు మీద ఇద్దరు తమ సంచుల రంగు చూసుకున్నారు.

ఆవిడ చేతిసంచిలో ఒక కాగితం ఉంది. కొడుకుకి చెప్పాల్సిన ఇంటి కబుర్లు, వరస నంబర్లు వేసి పద్నాలుగు.

"ఫోన్‌లో చెప్పొచ్చుగా అత్తయ్యా?" అన్నాను.

"ఫోన్‌లోనా? వాడు అటు ఊఁ అంటూనే ఇంకెవరికో వస్తున్నానండీ అంటాడు. ఎదురుగా కూర్చోబెట్టి, వాడి మొహం చూస్తూ చెప్పాలమ్మాయ్. కొన్ని అలాంటివి ఉన్నాయి."

తొమ్మిదో రోజుకి ఆవిడ చెప్పగలిగినవి మూడు. నాలుగోది, పిన్ని గారి అబ్బాయి ఉద్యోగం మానేసి పుట్టగొడుగులు పెంచుతున్నాడనే విషయం, సగంలో ఉంది. ఉద్యోగం మానడం వరకూ అయింది, పుట్టగొడుగులు రాలేదు. ఆవిడ రోజూ పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని, కాగితం ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూర్చునేవారు. ఆయన సాక్సులు తొడుక్కునేలోపు ఒకటైనా చెప్పేద్దామని. సాక్సులు రెండే కదా! కాగితం మళ్లీ మడతపడి సంచిలోకి వెళ్లిపోయేది. "పోనీలే, రేపు" అనేవారు. ఆ రేపుల్లో ఒక్కటే మిగిలింది. ఆదివారం పొద్దున్న బస్సుకి ఆవిడ వెళ్లిపోతారు.

శనివారం పదకొండింటికి బఫర్‌కి మొదటి టీకా. డాక్టరు దగ్గరికి అందరం కలిసి వెళ్దామని ఆయన సగం రోజు సెలవు పెట్టారు. సెలవు మనిషికే, ఫోనుకి కాదు. కిందికి వెళ్లేలోపు అది మోగుతుందని నాకు తెలుసు, ఆయనకి తెలుసు. ఆవిడకీ తెలుసు కాబోలు, కాగితం బయటికే తీయలేదు.

నలుగురం లిఫ్టెక్కాం. మా అత్తగారు, మా ఆయన, నేను, నా చంకలో బఫర్. అయిదు దాటింది. నాలుగు దాటింది. దఢాలున ఒక కుదుపు! కీచుమని శబ్దం. మూడుకీ నాలుగుకీ నడుమ లిఫ్టు ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నారు మా ఆయన.

"బఫర్ గెంతిందండీ" అన్నాను.

ఆయన బఫర్ వంక చూశారు. బఫర్ నా వంక చూసింది.

అలారం గంట నొక్కాం. అది ఎప్పుడో పోయింది. ఫోను తీశారు. ఆ ఇనప పెట్టెలో సిగ్నల్ లేదు. మూగదై, బుద్ధిగా, ఒక పలకలా ఉన్న ఆ ఫోన్‌ని నేను మొదటిసారి ప్రేమగా చూశాను.

"తలుపు తియ్యరా మరి. ఇదే కదా నీ పని!" అన్నారు మా అత్తగారు.

"వేరే కంపెనీదమ్మా. నేను ముట్టుకోకూడదు."

"అయితే ఎవరినైనా కేకెయ్యండి."

నేను గొంతెత్తి "ఎవరైనా ఉన్నారా?" అన్నాను. అది నాకే సరిగ్గా వినపడలేదు. మా ఆయన గోడ మీద రెండుసార్లు తట్టారు, ఎవరి నిద్రో చెడగొడతానేమో అన్నట్టు. ఇద్దరం మా అత్తగారి వంక చూశాం. వీధిలో బస్సులాపగల గొంతు ఆవిడది!

ఆవిడ గొంతు సవరించుకున్నారు. చేతిసంచి తెరిచారు. కళ్లజోడు తీసి పెట్టుకున్నారు.

"ఎవరో ఒకరు వస్తార్లే. కూర్చో నాన్నా. నాలుగోది ఎక్కడ ఆపాను?"

"పుట్టగొడుగుల ముందు అత్తయ్యా" అన్నాను నేను.

ఆయన పనిముట్ల సంచి కింద పెట్టి తల్లిని దాని మీద కూర్చోబెట్టారు. మేమిద్దరం నేల మీద చతికిలబడ్డాం. పుట్టగొడుగులు వచ్చాయి. మంచం కింద పెంచుతున్నాడట, అర్థవంతమైన పని కావాలని. పాత కంపెనీలో మంచి జీతం ఉందట గానీ, అర్థం కనపడలేదట. అయిదోది పైవాటా వాళ్ల నీళ్ల ట్యాంకు. ఆరోది మేనత్త గారి కొత్త పళ్లసెట్టు, నవ్వితే చప్పుడు చేస్తుందిట. ఆవిడ నవ్వి చూపిస్తే మా ఆయన ఎంత పగలబడి నవ్వారంటే, ఆ నవ్వుకి బఫర్ నా ఒళ్లోంచి దిగి ఆయన దగ్గరికి వెళ్లింది. ముందు బూటు వాసన చూసింది. తర్వాత మోకాలు. తర్వాత, ఈ మనిషి ఎవరోగానీ బాగానే ఉన్నాడే అనుకుందేమో, ఎక్కి ఒళ్లో చుట్ట చుట్టుకుంది. మొరగలేదు!

మధ్యలో ఆయన నా వైపు తిరిగి, "ఆ మచ్చ సంగతి?" అన్నారు.

నాలుగు నెలలు! పదకొండు ప్రయత్నాలు! ఊపిరి పీల్చుకుని చెప్పాను. "నాకు ఏడేళ్లప్పుడు మెట్ల మీంచి పడ్డాను."

అంతే. అయిపోయింది. కథ మొత్తం అంతే!

"దీనికేనా ఇన్నాళ్లు?" అన్నారు. ముగ్గురం కళ్లనీళ్లొచ్చేలా నవ్వుకున్నాం. ఆనక ఆ మెట్లు ఎవరివి, ఎందుకు పరిగెత్తాను, ఎవరు ఎత్తుకున్నారు అని ఆయన ఒక్కొక్కటే అడిగారు. అప్పుడు తెలిసింది నాకు, కథ అంటే చెప్పేవాళ్ల దగ్గర ఉండదని. తర్వాతేమైంది అని అడిగేవాళ్ల దగ్గర ఉంటుంది.

పదమూడోది వచ్చేసరికి ఆవిడ కాగితం చూడలేదు.

"మీ నాన్న సైకిలు వరండాలో అలాగే ఉందిరా. మూడేళ్లయింది. రోజూ తుడుస్తున్నా. పక్కవీధిలో పోస్టుమేన్ అడిగాడు. ఇచ్చేద్దామనుకుంటున్నా. నువ్వేమంటావు?"

మా ఆయన బఫర్ చెవిని నిమురుతూ ఉండిపోయారు. ఫోన్‌లో అయితే ఆ మౌనాన్ని ఆవిడ "లైను కట్టయింది" అనుకునేవారు.

"అమ్మా, సైకిలు ఇచ్చేయ్. బెల్లు మాత్రం ఉంచుకుందాం" అన్నారు ఆయన చివరికి.

"నేనూ అదే అనుకున్నాను" అని ఆవిడ కళ్లజోడు తుడుచుకున్నారు. అద్దాలు అంత మురికిగా ఏమీ లేవు.

పద్నాలుగోది చెప్పడానికి నిలబడ్డారు. "నాకు ఉద్యోగం వచ్చిందిరా! బస్టాండులో. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే పని. మైకు పాడైనా ఫరవాలేదన్నారు. సోమవారం చేరుతున్నా. ఊరంతటికీ చెప్పాను, నీకే ఎదురుగా చెప్పాలని ఆగాను."

మా ఆయన తల్లి వంక ఎలా చూశారో నేను రాయలేను. ఆ చూపు కోసం ఆవిడ తొమ్మిది రోజులు సోఫాలో కూర్చున్నారు.

ఆవిడ కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో పడేసి, జిప్పు వేసి, తలుపు వైపు తిరిగారు.

"వాచ్‌మన్!"

నా చెవుల్లో ఇప్పటికీ ఉంది ఆ పిలుపు. అరనిమిషంలో వాచ్‌మన్, మూడో అంతస్తు నుంచి మా అసోసియేషన్ కార్యదర్శి గారు, ఎదురు బిల్డింగు వాచ్‌మన్ వచ్చి నిలబడ్డారు. గంటా పది నిమిషాల్లో ఒక్కసారి పిలిచి ఉంటే చాలు! నేనేమీ అనలేదు. ఆవిడ నా వంక చూడలేదు.

అవతలి కంపెనీ మెకానిక్ వచ్చాడు. అతనిదీ అదే బతుకు, వందకి పైగా లిఫ్టులు. మా ఆయనతో కలిసి పని నేర్చుకున్నవాడు. నాలుగో అంతస్తు తలుపు సందులోంచి తొంగి చూసి ఆశ్చర్యపోయాడు.

"నువ్వా! లోపల నువ్వుండి కూడానా? ఆ పైన చక్రం వేలితో నొక్కితే బయటి తలుపు వస్తుంది కదరా, రెండు నిమిషాల..."

మా ఆయనకి ఎన్నడూ లేని దగ్గు వచ్చింది. ఆపకుండా దగ్గారు.

అవతలివాడు తెలివైనవాడు. మా ముగ్గుర్నీ, ఒళ్లో నిద్రపోతున్న కుక్కపిల్లనీ చూశాడు. "సరే, డాబా మీదికెళ్లి మోటారు చేత్తో తిప్పి పైకి లాగుతా. కొంచెం టైము పడుతుంది. ఆ గదిలో నాకూ సిగ్నల్ రాదు" అని హాయిగా నవ్వుతూ వెళ్లాడు. ఆ కొంచెం టైము ఇంకో ఇరవై నిమిషాలు!

బయటికొచ్చాక ఫోను ఒళ్లు విరుచుకుంది. ఇరవై మూడు మిస్డ్ కాల్స్. ఎక్కడైనా ఎవరైనా ఇరుక్కున్నారా అని నేను ముందు అదే అడిగించాను. ఎవరూ ఇరుక్కోలేదు. ఆకాశం విరిగి పడలేదు. అద్దంలో లావుగా కనిపించే ఆవిడ ఇంకా లావుగానే కనిపిస్తున్నారు. ఒకచోట లిఫ్టు రాక మెట్లు దిగిన ఒకాయన, రెండో అంతస్తులో తన చిన్ననాటి స్నేహితుడు ఆరేళ్లుగా ఉంటున్నాడని కనిపెట్టారట. ఇవీ ఆగిపోయిన లిఫ్టు లాభాలు. ఇంకా ఉదాహరణలు కావాలా?

అయితే ప్రతి మంచికీ ఒక కార్యదర్శి అడ్డుపడతారు. మా కార్యదర్శి గారు నోటీసుబోర్డు మీద ప్రకటన అంటించారు. పాత కాంట్రాక్టు రద్దు. లిఫ్టు ఇక మా ఆయన కంపెనీకి. నూట నలభై ఒకటోది. మెకానిక్‌లు మాత్రం యథాప్రకారం. మేనేజరు గారు చాలా సంతోషించి నాలుగో ప్రశంసాపత్రం పంపారు.

మీలో తెలివైనవాళ్లకి ఇప్పటికి ఒక అనుమానం వచ్చి ఉండాలి. రెండున్నర కిలోల కుక్కపిల్ల, అదీ చంకలో ఉన్నది, గెంతితే లిఫ్టు ఆగుతుందా?

ఆగదు.

యాభై ఎనిమిది కిలోల కోడలు, కుక్కపిల్లని చంకలో పెట్టుకుని, రెండు కాళ్లూ ఎత్తి గెంతితే ఆగుతుంది. పెళ్లైన కొత్తలో బాల్కనీ కబుర్లు శ్రద్ధగా వినాలని అందుకే అంటాను. ఈ సంగతి ఆయనకి ఆ క్షణమే తెలుసు. అయినా అడగలేదు. చక్రం సంగతి నాకు తెలుసు. నేనూ అడగలేదు. గొంతు సంగతి ఇద్దరికీ తెలుసు. ఇంత కట్టుదిట్టంగా, ఒకరితో ఒకరు ఒక్క మాట అనుకోకుండా, ఒక కుటుంబం ఒకచోట కూర్చోడానికి ఇంత కుట్ర చెయ్యాల్సి వచ్చిందంటే తప్పు లిఫ్టుదా చెప్పండి?

కాబట్టి మేనేజరు గారికి బహిరంగంగా విన్నవించుకుంటున్నాను. గోడ మీద చోటు అయిపోయిందండీ. అయిదో ప్రశంసాపత్రం వద్దు. మూడో మెకానిక్ కావాలి. మోకాళ్లు ఉన్నవాడు.

అప్పటిదాకా మాకు కాంట్రాక్టే దిక్కు. అందులో ఒక చక్కని షరతు ఉంది: లిఫ్టు ఆగితే నలభై అయిదు నిమిషాల్లో మెకానిక్ వచ్చి తీరాలి. ఈ నెలలో మా లిఫ్టు మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ ఆయన రిజిస్టరులో కారణం "కుక్కపిల్ల గెంతుట" అని రాశారు. కుక్కపిల్ల బరువెంత అని ఆఫీసు నుంచి అడిగితే యాభై ఎనిమిది కిలోలు అని జవాబిచ్చారు. మా అత్తగారు నిన్న బస్టాండు నుంచి ఫోను చేసి, "అమ్మాయ్, ఈ వారం తొమ్మిది విషయాలున్నాయి, రాసుకో. లిఫ్టు మళ్లీ ఎప్పుడు ఆగుతుంది?" అన్నారు.

ఇవాళే అత్తయ్యా.

ఈ వ్యాసం నేను రాస్తున్నది మూడుకీ నాలుగుకీ నడుమ కూర్చునే. పక్కన ఇద్దరికి సరిపడా భోజనం డబ్బా, అత్తయ్య చెప్పగా రాసుకున్న కాగితం, దుప్పటి మీద బఫర్. అలారం గంట ఇప్పుడు బ్రహ్మాండంగా మోగుతుంది, ఆయన మొదటి రోజే బాగుచేశారు. ముప్పై ఎనిమిది నిమిషాలైంది. మెట్ల మీద అడుగుల చప్పుడు. బఫర్ చెవులు నిక్కబొడుచుకుని తోక ఊపుతోంది. నాలుగో అంతస్తులో అడుగులు ఆగాయి. తలుపు జానెడు తెరుచుకుంది.

"క్షమించండి. రావడం బాగా ఆలస్యమైనట్టుంది."

"ఇంకా కండ మిగిలే ఉంది లెండి. నన్ను బయటికి లాగకండి. మీరే లోపలికి దిగండి."